ఐదో రేణువు

మధ్యాహ్నం మూడు గంటలకు చివరి రేణువును కరిగించాలి. మా ల్యాబ్ హెడ్ యజ్ఞనారాయణ సార్ ఉదయమే బోర్డు మీద రాశారు. "రేణువు 5. మూడు గంటలు. అనూహ్య, ధరణి." కింద ఒక గీత గీసి, "రేపు పదకొండింటికి పత్రికల వాళ్ళు" అని కూడా రాశారు.

ధరణి నేనే. షామీర్‌పేట ల్యాబ్‌లో రేణువులను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడం నా పని. ఒక విదేశీ వ్యోమనౌక గ్రహశకలం మీది మట్టిని డబ్బాలో పెట్టి భూమికి పంపితే, దాన్ని కొన్ని దేశాల ల్యాబ్‌లకు పంచారు. మాకు ఐదు రేణువులు వచ్చాయి. ఒక్కొక్కటీ దంచిన మిరియంలో నలుసంత ఉంటుంది. రేణువును చిన్న గాజు సీసాలో వేసి, ద్రావకం పోసి నలిపితే అందులో ఉన్న పదార్థాలు బయటికి వస్తాయి. వాటిని యంత్రం ఒక్కొక్కటిగా విడదీసి, తెర మీది గీతలో ఒక్కోదాన్ని ఒక్కో పీక్‌గా, అంటే పైకి లేచిన శిఖరంలా, చూపిస్తుంది. ఆ తర్వాత రేణువు ఇక ఉండదు.

నాలుగు అలా అయిపోయాయి. మొదటి రెండింటిలో అనుకున్నవే వచ్చాయి. మూడోదాంట్లో, నాలుగోదాంట్లో మాత్రం పదిహేడో నిమిషం దగ్గర ఒక పీక్ నిటారుగా లేచింది. మొక్కలూ సూక్ష్మజీవులూ శక్తి కోసం వాడుకునే పదార్థాల కుటుంబానికి చెందినది అది. ఆ కుటుంబంలోవి ఉల్కల్లో ఇంతకుముందే దొరికాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇంత స్పష్టంగా ఎక్కడా దొరకలేదని మాత్రం సంతోషపడ్డారు. మొదటి రెండింటిలో ఎందుకు లేదని నేను అడిగితే సార్ నవ్వి, "ఒకే పొలంలో రెండు మట్టిబెడ్డలు ఒకలాగే ఉంటాయా అమ్మా?" అన్నారు. ఉండవు. 

నాకు పెద్ద చదువులు లేవు. రావల్కోల్ సర్కారు బడిలో పది, మేడ్చల్‌లో ఇంటర్, డిగ్రీ. నన్ను తీసుకున్నది చేతుల కోసం. వెంట్రుకంత సన్నటి గాజు పుల్ల ఇచ్చి, మైక్రోస్కోప్ కింద ఇసుక రేణువును ఒక గుంటలోంచి ఇంకో గుంటలో వేయమన్నారు. పన్నెండు మంది వస్తే నా రేణువు ఒక్కటే ఎగిరిపోలేదు. ఎక్కడ నేర్చుకున్నావని సార్ అడిగారు. ద్రాక్షతోటలో అన్నాను. మా ఊరి చుట్టూ తోటలున్న రోజుల్లో అమ్మ వెంట వెళ్ళి, గుత్తుల్లో చిన్న కాయలను కత్తెరతో తీసేదాన్ని. పక్క కాయకు వేలు తగలకూడదు. తగిలితే కాయ మీది తెల్లటి పొడి చెదిరిపోతుంది. అక్కడ పడిన వేలి గుర్తు కాయ కోసేదాకా పోదు.

ఆ రోజు పన్నెండింటికి ఐదో రేణువును ఉక్కు గిన్నెలోంచి తీసి, గాజు పలక మీద పెట్టి, మూత వేశాను. బయట ముసురు పట్టి ఉంది. ఈ తేమలో మూడు గంటలకు మించి దాన్ని బయట ఉంచకూడదు. ఆలోపు కరిగించాలి, లేదా తిరిగి గిన్నెలో పెట్టేయాలి.

నేను బయటికి రాగానే సార్ పిలిచారు. "నీ తెలుగు బాగుంటుంది కదా. రేపటి విలేకరులకి ఒక పేజీ నోట్ రాసిపెట్టు. మావన్నీ ఇంగ్లీషు ముక్కలు."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గ్రహశకలం, రేణువులు, యంత్రం వరకు సాఫీగా వచ్చింది. పదార్థం పేరు దగ్గర ఆగాను. "రెండు-హైడ్రాక్సీ-ఒకటి, నాలుగు-నాఫ్తోక్వినోన్." ఇది రాస్తే మా ఊళ్ళో ఎవరికి అర్థమవుతుంది? తేలిక పేరు ఏదైనా ఉందేమోనని వెతికాను.

నాలుగో వరుసలో ఉంది. గోరింటాకులో ఎరుపునిచ్చే పదార్థం.

నా చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. గోళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి. పోయిన ఆదివారమే రెండోసారి పెట్టుకున్నాను.

మా ల్యాబ్ తలుపు మీద ఒక లిస్టు ఉంటుంది. రేణువులతో పాటే వచ్చింది. లోపలికి వెళ్ళేవాళ్ళు వాడకూడనివి పద్నాలుగు. గోళ్ళ రంగు, లిప్‌స్టిక్, సెంటు, పౌడరు, తల నూనె, సిగరెట్టు, అట్లాంటివి. నేను అన్నీ మానేశాను. కొబ్బరినూనె మానేశాను, స్టిక్కర్ బొట్టు మానేశాను. ఆషాఢం మొదటి ఆదివారం రోట్లో ఆకు నూరుతూ మా అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"బొట్టొద్దు, నూనె వద్దు, పౌడరొద్దు. గిదేం నౌకరి బిడ్డా? మొగం కడుక్కున్నా తప్పేనా?"

"రూల్స్ అవ్వా."

"గా కాయితంల గోరింటాకు గూడ రాసిండ్రా?"

లిస్టు మొత్తం గుర్తు చేసుకున్నాను. "రాయలే."

"మరింకేంది? చెయ్యి సాపు."

ఆ మర్నాడు ఒక స్టీలు డబ్బాలో ఆకు ముద్దను ల్యాబ్‌కు తెచ్చాను. ఈ పరీక్షల్లో నాతో పనిచేసే శాస్త్రవేత్త అనూహ్య మేడం అడిగింది. ఆమెకు పెళ్ళయ్యాక అదే మొదటి ఆషాఢం. గుండ్లపోచంపల్లిలో పుట్టింట్లో ఉంటోంది. "కోన్ వద్దు ధరణీ, అందులో అన్నీ కెమికల్సే. మీ ఊళ్ళో ఆకు దొరుకుతుందా? మా అత్తగారు వీడియో కాల్‌లో చేతులు చూస్తానన్నారు" అంది. మొదటి రెండు రేణువులూ ఆషాఢానికి ముందే అయిపోయాయి. ఆ వారమే మూడో రేణువు. పై వారం నాలుగోది.

ఒంటిగంటకు ఇరవై నిమిషాలు తక్కువ. నేను రిజిస్టర్ తీశాను.

ప్రతి రేణువుకూ తోడుగా ఒక ఖాళీ సీసాను కూడా యంత్రంలో పెడతాం. అందులో రేణువు ఉండదు, మిగతా పని అంతా అదే. ఏ పీక్ అయినా రేణువు సీసాలో ఉండి ఖాళీ సీసాలో లేకపోతే, అది రేణువులోంచే వచ్చినట్టు. మా ఖాళీ సీసాలు ఎప్పుడూ శుభ్రంగానే వచ్చాయి. సార్‌కు ఆ పీక్ మీద అంత ధీమా అందుకే.

రిజిస్టర్‌లో రాత నాదే. మూడో రేణువు సీసా: ధరణి, అనూహ్య. ఖాళీ సీసా: అభిలాష్. నాలుగో రేణువు సీసా: ధరణి, అనూహ్య. ఖాళీ సీసా: అభిలాష్.

రెండు సీసాలూ ఒకే చేతి మీదుగా పోవాలి. మేము అలా చేయలేదు. నేనూ మేడం వచ్చే ల్యాబ్ బస్సు ఎనిమిదిన్నరకు వస్తుంది. యంత్రం నడిపే అభిలాష్ దూలపల్లి నుంచి బండి మీద ఎనిమిదింటికే వస్తాడు. పని జల్దీ అవుతుందని ఖాళీ సీసాలను అతనే సిద్ధం చేసి పెడతాడు. మా ముగ్గురికీ అది తప్పని తోచలేదు.

అభిలాష్ క్యాంటీన్‌లో అన్నం తింటున్నాడు. నన్ను చూసి నవ్వాడు. భూముల రికార్డుల వెబ్‌సైట్ పేరు కూడా ధరణే కాబట్టి నన్ను అలాగే ఏడిపిస్తాడు. "ఏం ధరణి పోర్టల్, గింత సప్పుడు లేకుండ వచ్చినవ్? పప్పుచారు అయిపోయింది, ఇగ పెరుగే."

నేను రిజిస్టర్ అతని పళ్ళెం పక్కన పెట్టి, తగ్గుగొంతుతో చెప్పాను. చేతులు చూపించాను. అతను ముద్ద కలుపుతున్నవాడు ఆపాడు.

"రెండు జతల గ్లోవ్స్ ఉంటయి కదా."

"మొదటి జత తొడుక్కునేటప్పుడు వట్టి చేతితోనే పడతం. గోరింటాకు పెట్టుకున్న మర్నాడు తెల్ల గ్లోవ్ అంచు మీద పసుపుపచ్చటి గీత చూసిన. సెమట అనుకొని పారేసిన."

"ఎవరికన్న చెప్పినవా?"

"నీకే చెప్తున్న."

అతను అటూ ఇటూ చూశాడు. "ఊకో ధరణి. నీ కాంట్రాక్ట్ కాయితం ఎల్లుండి సంతకానికి పోతాంది. అనూహ్య మేడంకు గిదే మొదటి పెద్ద పేపరు. సార్ రేపటికి కొత్త షర్టు కుట్టిచ్చుకున్నడు, ఎరికేనా? గాయిన ముంగట పోయి గోరింటాకు అంటవా?"

"మూడింటికి అది కరిగిపోతది."

"కరిగితే కరుగుతది. తర్వాత ఎవరన్న కనిపెడ్తరు. మన నోటితోని ఎందుకు?"

"తర్వాత కనిపెట్టినోళ్ళకు రేణువు ఉండది కదా."

 నేను రిజిస్టర్ తీసుకుని మెట్లెక్కాను.  నెల మొదట్లో నాయినకు మోకాలి ఆపరేషన్ అయింది. మా ఇంట్లో ఇప్పుడు జీతం నాది ఒక్కదానిదే. మెట్ల మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను. కిందికి దిగిపోయి నోట్ పూర్తి చేసి ఇచ్చేస్తే ఎవరూ నన్నేమీ అడగరు. అలా అనుకుంటూనే సార్ గది తలుపు తట్టాను.

లోపల అనూహ్య మేడం కూడా ఉంది. రేపటి పోస్టరును బల్ల మీద పరిచి చూస్తున్నారు. మధ్యలో ఆ పీక్ బొమ్మ, ఎర్ర రంగులో.

"రామ్మా. నోట్ అయిందా?"

"కాలే సార్. పేరు కాడ ఆగింది."  రిజిస్టర్ బల్ల మీద పెట్టాను. "సార్, గా పదార్థం గోరింటాకుల ఉంటది."

సార్ నవ్వారు. "ఉంటే ఉంటుంది. ఎన్నో మొక్కల్లో ఉంటాయి ఇలాంటివి."

"మూడో రేణువు నాడు నా చేతులకు గోరింటాకు ఉండె సార్." మేడం వైపు చూడకుండా అన్నాను. "ఖాళీ సీసాలు అభిలాష్ చేసిండు. అందుకే వాటిల్ల రాలే."

మేడం చేతులు పోస్టర్ మీద ఉన్నాయి. ఆమె వాటిని మెల్లగా బల్ల కిందికి తీసుకుంది.

"ఇది నువ్వు అనుకోవడమా, చూశావా?" అంది. గొంతు కటువుగా ఉంది. "తెచ్చింది నువ్వే కదా. అప్పుడు తోచలేదా? ఇవాళ మధ్యాహ్నం తోచిందా?"

"లిస్టుల లేదు కదా అనుకున్న మేడం."

"లిస్టులో లేదు కదా అని నేనూ అనుకున్నాను," అని ఆమె మొహం తిప్పుకుంది.

సార్ నవ్వు పోయింది. "రెండు జతల గ్లోవ్స్ దాటి ఎలా వెళ్తుందమ్మా? చూపించు."

నా జేబులో ఎప్పుడూ ఒక కొత్త జత ఉంటుంది. తీసి ఆయన ముందే మొదటి గ్లోవ్ తొడిగాను. బొటనవేలితో అంచును ఎక్కడ పట్టి లాగుతామో చూపించాను. "ఇక్కడ వట్టి చెయ్యి తగుల్తది సార్. ఈ చెయ్యితోని రెండో జత తీస్త. రెండో జతతోని సీసా మూత తీస్త. పుల్లను ఎప్పటికప్పుడు కొలిమిల వేడి చేస్తం కాబట్టి రేణువుకు ఏం అంటది కాదు. మూత లోపలి దిక్కే వేళ్ళు తగిలేది."

సార్ నా బొటనవేలిని చూశారు. తర్వాత గడియారం చూశారు. ఒంటిగంట పది.

"యంత్రానికి ఒక్కో సీసాకు నలభై నిమిషాలు. ధరణి చేతితో ఒక కొత్త ఖాళీ సీసా పెట్టండి. రోజూ ఎలా చేస్తావో అచ్చంగా అలాగే చెయ్. ఎక్కువ జాగ్రత్త వద్దు, తక్కువ జాగ్రత్తా వద్దు. పీక్ రాకపోతే మూడింటికి కరిగిస్తాం, నువ్వు ఆ నోట్ పూర్తి చేస్తావు."

"వస్తే సార్?"

ఆయన పోస్టరును చుట్టి పక్కన పెట్టారు.

రోజూ చేసే పనిని రోజూలాగే చేయడం అంత కష్టమని నాకు తెలియదు. చేతులు కడుక్కున్నాను, గౌను వేసుకున్నాను, గ్లోవ్స్ తొడుక్కున్నాను. నిప్పుల మీంచి తీసినట్టు ఒక్కో వేలినీ చూసుకోవాలనిపించింది. చూసుకోలేదు. సీసా మూత తీశాను, ద్రావకం పోశాను, మూత పెట్టాను. అభిలాష్ అందుకుని యంత్రంలో పెట్టాడు. ఒంటిగంట ఇరవై ఐదు.

తెర మీద సన్నటి గీత బయలుదేరింది. నలుగురం నిలబడ్డాం. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. గీత నేల మీద పరిచిన తాడులా సాగుతోంది. కిటికీ అవతల ముసురు. రాజీవ్ రహదారి మీద లారీలు హారన్ కొడుతూ పోతున్నాయి. పదిహేను. గీత లేవకూడదని కోరుకున్నాను. నేను చెప్పింది తప్పని తేలి, అందరూ నన్ను తిట్టి, నవ్వి, రేపు ఫొటోలు దిగితే బాగుండుననుకున్నాను. పదహారు.

పదిహేడో నిమిషంలో గీత లేచింది.

 అభిలాష్ "అరే" అన్నాడు. పీక్ చిన్నదే, కానీ చోటు అదే. దాని ఆకారం కూడా అదే. సార్ తన కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"చాలు," అన్నారు.

"చాలదు సార్," అంది అనూహ్య మేడం. అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నా సీసా కూడా పెట్టండి. రిపోర్టులో ధరణి ఒక్కదాని పేరే ఉంటే అబద్ధం అవుతుంది."

"అవసరం లేదమ్మా."

"రెండూ పదికి యంత్రం ఖాళీ అవుతుంది సార్. నేను రెడీ."

ఆమె లోపలికి వెళ్ళింది. అద్దంలోంచి చూస్తున్నాను. గ్లోవ్ అంచును బొటనవేలితో పట్టి లాగింది, నేను లాగినట్టే. నాకు ఆ పద్ధతి నేర్పింది ఆమే.

ఆమె సీసాలో పీక్ నా దానికంటే పెద్దగా వచ్చింది. రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు. మేడం తెర ముందు నిలబడి, "మా అత్తగారికి మస్తు ఎర్రగా పండిందని చెప్పాను," అంది. నవ్వబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా భుజం మీద చేయి వేయబోయి, చేతిని చూసుకుని, వెనక్కి తీసుకుంది. నేనే ఆ చేయి పట్టుకున్నాను.

సార్ లేచి, ఫోన్ తీసి, రేపటి సమావేశం వాయిదా అని ఒకే వాక్యంలో ఎవరికో చెప్పారు. పెట్టేశాక మా వైపు తిరిగారు. "రెండు రేణువులు పోయాయి. అవి మళ్ళీ రావు. ఇంకో ఐదు ఇవ్వండని అడిగే మొహం మనకు లేదు. ఉన్నది అదొక్కటే. దాన్ని ముందు గిన్నెలో పెట్టండి."

రెండూ నలభై. రేణువు ఇంకా గాజు పలక మీదే ఉంది.

అలవాటుగా నేను తలుపు వైపు నడిచాను. రెండడుగులు వేసి ఆగాను. "సార్, గిన్నె మూత చేత్తో తియ్యాలె. నేను ముట్టను."

అందరం అభిలాష్‌ను చూశాం.

"నేనా?" అన్నాడు. "నాకు యంత్రం అంటే భయం లేదు సార్. గా నలుసు... తుమ్మొస్తే ఎట్ల?"

"రాదు," అన్నాను. "నేను అద్దం కాడ ఉంట. చెప్తుంట."

అతను గౌను వేసుకుని లోపలికి వెళ్ళాడు. గోడకున్న మైకు బటన్ నొక్కి పట్టుకున్నాను. మైక్రోస్కోప్ చూసేది నాకు బయటి తెర మీద కనిపిస్తుంది. నల్లటి నలుసు, ఒక పక్క కొంచెం విరిగినట్టు. పుల్ల చివర తెర మీదకు వచ్చింది. ఊగుతోంది.

"తీసెయ్. పుల్ల తీసెయ్. మోచేతులు రెండు బల్ల మీద పెట్టు."

పెట్టాడు. పుల్ల మళ్ళీ వచ్చింది. ఇంకా ఊగుతోంది.

"ఊపిరి పట్టకు. పడితే ఎక్కువ ఊగుతది. మొత్తం బయటికి వదులు. వదిలినంక కదులు."

రెండూ యాభై. పుల్ల నలుసు పక్కకు వచ్చి ఆగింది. తాకింది. నలుసు పుల్లకు అంటుకోలేదు, పక్కకు దొర్లింది. పలక అంచుకు గోరంత దూరం. నా వెనక సార్ ఊపిరి వినిపించింది.

"ఏం కాలే," అన్నాను.  "దాన్ని నెట్టకు. పుల్లను పైనుంచి దించు. దించి ఆగు. అదే వచ్చి అంటుకుంటది."

పుల్ల దిగింది. ఆగింది. నలుసు కొంచెం కదిలి, లేచి, పుల్ల చివరకు అంటుకుంది.

"ఇప్పుడు ఎడమ చేత్తో గిన్నె మూత. పుల్ల దిక్కు చూడకు, మూత దిక్కు చూడు. పుల్ల సంగతి నేను చూస్త."

అతను మూత తీశాడు. పుల్ల గిన్నె మీదికి వచ్చింది. తెర మీద గిన్నె అంచు పెద్ద బావి అంచులా కనిపించింది. అభిలాష్ ఊపిరి వదిలాడు. పుల్లను గిన్నె అంచుకు ఒకసారి తాకించాడు. నలుసు కనిపించలేదు.

"ఏడ పోయింది? ధరణి, ఏడ పోయింది?"

నేను తెరకు దగ్గరగా వంగాను. గిన్నె అడుగున, నీడలో, విరిగిన పక్క పైకి పెట్టుకుని ఉంది.

"లోపలనే ఉంది. మూత పెట్టు."

మూత పెట్టిన చప్పుడు స్పీకర్‌లో వినిపించింది. అద్దం అవతల అభిలాష్ బల్ల మీద తల వాల్చేశాడు.

సార్ నా పక్కకు వచ్చి నా గోళ్ళు చూశారు. తర్వాత అడిగారు. "గోళ్ళ ఎరుపు పూర్తిగా పోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఐదారు నెలలు సార్. గోరు మొదటి నుంచి చివరిదాకా పెరగాలె."

"అన్నాళ్ళూ నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. అతనికి నేర్పు. రిజిస్టర్ రాయి." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఎల్లుండి నీ కాంట్రాక్ట్ కాయితం నా బల్ల మీదకే వస్తుంది, సంతకం పెడతాను. ఆ నోట్ మాత్రం పారేయకు. జరిగింది జరిగినట్టు తెలుగులోనే రాయి. దాన్ని మేం ఇంగ్లీషులో పెట్టి, రేణువులు ఇచ్చినవాళ్ళకు పంపుతాం."

ఆయన వెళ్ళాక రిజిస్టర్ తెరిచాను. ఐదో రేణువు, తిరిగి గిన్నెలో, రెండు గంటల యాభై ఏడు నిమిషాలు, అభిలాష్ అని రాశాను. తర్వాత స్కేలు తీసుకుని మూడో రేణువు పేజీకి వెళ్ళాను. మార్జిన్ పక్కన ఒక కొత్త గడి గీసి, పైన "చేతులు" అని రాసి, నా పేరు ఎదురుగా గోరింటాకు అని రాశాను. అనూహ్య మేడం నా చేతిలోంచి పెన్ను తీసుకుని, తన పేరు ఎదురుగా తనే రాసుకుంది.